లినక్సు మీదికి కొనుగోలు సాఫ్ట్‌వేరు ఎందుకు రాదు? – ఒక పరిశీలన

మా మేనమామకు బనగానపల్లె బస్టాండు దగ్గర ఒక చిన్న డీటీపీ సెంటరు ఉంది. పెళ్లిపత్రికలు, బిల్లుబుక్కులు, మామిడికాయల మండీ చీటీలు, యాగంటి తిరునాళ్ల కరపత్రాలు – ఊరికి కావలసిన అచ్చుపనిలో చాలా భాగం ఆ పదడుగుల గదిలో రెండు కంప్యూటర్ల మీద తయారై నంద్యాల ప్రెస్సుకు పోతుంది. ఇంటర్ చదివే రోజుల్లో నేను టైపు నేర్చుకున్నది అక్కడే. నా పుస్తకాల ఖర్చు చాలామటుకు ఆ గదే భరించింది. కాబట్టి ఈ వ్యాసంలో నేను వ్రాయబోయేది చదివి తెలుసుకున్న సంగతి మాత్రమే కాదు. ఆ గదికి నా చేతులారా నష్టం తెచ్చి నేర్చుకున్న పాఠం కూడా.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. షరతుల మీద ఒక ఏడాది పొడిగింపు ఇచ్చినా, దాని తర్వాత దారి విండోస్ 11 ఒక్కటే. అది మామ దగ్గరున్న పాత యంత్రాలను ఒప్పుకోదు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసరు ఉండాలంటుంది. రెండు కొత్త కంప్యూటర్లు కొనడమంటే మామకు ఒక పెళ్లిళ్ల సీజను సంపాదన పోయినట్టే. నేను కంప్యూటర్ సైన్సు విద్యార్థిని గదా! ఆ తేదీ దగ్గర పడుతుందనగా దసరా సెలవులకు ఇంటికి పోయి, "మామా, లినక్సు వేస్తాను, ఒక్క రూపాయి ఖర్చు లేదు" అన్నాను. మామ నమ్మినాడు.

ఒక యంత్రం డిస్కును పూర్తిగా చెరిపి లినక్సు ఎక్కించాను. ముసలి కంప్యూటరు కొత్తదానిలాగా చురుగ్గా లేచింది. ఆ సంతోషం సాయంత్రం దాకానే. కార్తీకమాసపు ముహూర్తానికి పత్రికలు వేయించుకొనే పెళ్లివారు వచ్చినారు. నమూనా కోసం ఒక పాత పత్రిక ఫైలు తెరిస్తే అందులో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు పురుగుల్లా పరుచుకున్నాయి. పేజీలు కట్టే ప్రోగ్రాము లినక్సులో ఎక్కనే లేదు. సరే, మళ్లీ విండోసు పెడదామంటే, తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు రిజిస్ట్రేషను నేను చెరిపిన డిస్కుతోనే పోయింది. రెండో కంప్యూటరు మీద అప్పటికే వేరే పని నిండుగా ఉంది. నాలుగు వందల పత్రికల పని చేయి జారి పక్క ఊరికి పోయింది.

మామ కోప్పడలేదు. ఒక్కటే అడిగినాడు: "ఏం అల్లుడా, ఆ లినక్సు అంత మంచిదే అయితే, కంపెనీలోళ్లు దానికి గూడా చేసి అమ్మొచ్చు గదా? మనం దుడ్లియ్యమా ఏంది?"

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబును వెతికే ప్రయత్నం.

చట్టం అడ్డమా?

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్సు కెర్నెలును, అనగా యంత్రాన్ని నడిపించే మూల భాగాన్ని, వ్రాశాడు. ఈ రెండూ కలిసినదే మనం వాడుక మాటలో లినక్సు అనేది. దాని మూల ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చి పంచేవారు తమ మార్పులను కూడా అదే విధంగా బయట పెట్టాలి. ఇది జీపీఎల్ అనే లైసెన్సు షరతు.

దీన్ని చూసి చాలామంది, లినక్సు మీద నడిచే ప్రతి ప్రోగ్రామూ తన గుట్టు విప్పి ఉచితంగా ఇచ్చేయాలనుకుంటారు. అది పొరపాటు. మామూలు పద్ధతిలో కెర్నెలు సేవలను వాడుకొనే ప్రోగ్రాములకు ఆ షరతు వర్తించదని కెర్నెలు లైసెన్సు పత్రంలోనే వ్రాసి ఉంది. ప్రతి ప్రోగ్రాముకూ అవసరమైన సీ లైబ్రరీ, తెర మీద కిటికీలు, బొత్తాలు గీసే జీటీకే – ఇవి కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్ కింద ఉన్నాయి. క్యూటీ అనే మరో ముఖ్యమైన లైబ్రరీ కూడా 2009లో ఆ లైసెన్సు కిందికి వచ్చింది. కాబట్టి గుట్టు దాచుకొని, ధర పెట్టి, లినక్సుకు సాఫ్ట్‌వేరు అమ్ముకోవడానికి చట్టరీత్యా అభ్యంతరం లేదు.

ఒక సంత కాదు, వంద సంతలు

రెండవది సాంకేతికమైన అడ్డంకి. విండోసు అంటే ఒక కంపెనీ తయారుచేసే ఒక సరుకు. లినక్సు అలా కాదు. డెబియన్, ఫెడోరా, ఉబుంటు, ఓపెన్‌సూసే, ఆర్చ్ – ఒకే కెర్నెలు చుట్టూ ఎవరికి తోచినట్టు వారు కూర్చిన పంపిణీలు ఎన్నో ఉన్నాయి. డెబియన్ సంతతికి ఒక రకం ప్యాకేజీ, రెడ్ హ్యాట్ సంతతికి మరొక రకం. తెర రూపానికి గ్నోమ్ ఒకటి, కేడీఈ ఒకటి. తెరను గీసే పాత పద్ధతి ఎక్స్ విండో అయితే, 2008లో మొదలైన వేలాండ్ దాని స్థానాన్ని క్రమంగా ఆక్రమిస్తున్నది.

ఇందులో చిక్కేమిటో ఒక ఉదాహరణ చెబుతాను. కొత్త సీ లైబ్రరీ ఉన్న యంత్రం మీద తయారుచేసిన ప్రోగ్రాము, ఆ లైబ్రరీ పాత కూర్పు ఉన్న యంత్రం మీద చాలాసార్లు మొరాయిస్తుంది. మూల ప్రోగ్రాము బయట ఉంటే ప్రతి పంపిణీవారూ తమ యంత్రానికి తగినట్టు తిరిగి కూర్చుకుంటారు. గుట్టు దాచుకున్న కంపెనీకి ఆ సాయం లేదు. అన్ని పంపిణీల మీదా తానే పరీక్షించాలి, ప్రతి కొత్త కూర్పుకూ మళ్లీ మొదలుపెట్టాలి. ఈ బాధ తీర్చాలని లినక్సు స్టాండర్డ్ బేస్ అనే ప్రమాణాన్ని 2001లో తెచ్చారు గాని, అది నిలదొక్కుకోలేదు. 2015 నాటి అయిదవ కూర్పుతో ఆగిపోయింది. ఇప్పుడు స్నాప్, ఫ్లాట్‌పాక్, యాప్‌ఇమేజ్ అనే పద్ధతులు వచ్చాయి. ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీలను చద్దిమూటలాగా తనతోనే తెచ్చుకుంటుంది. కష్టం చాలావరకు తగ్గింది. కాని అవి కూడా మూడు రకాలు కావడం గమనించదగ్గది.

డ్రైవర్ల సంగతి వేరు. కొన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్లు, అందులో భారతీయ భాషల అచ్చుపనికి వచ్చినవి కూడా, యంత్రానికి తగిలించే ఒక చిన్న తాళంతో వచ్చేవి. మన డీటీపీవాళ్లు దాన్ని 'లాకు' అంటారు. అటువంటి పరికరానికి కెర్నెలు లోపల పనిచేసే డ్రైవరు కావలసి వస్తే కష్టం మొదలవుతుంది. ఎందుకంటే మామూలు ప్రోగ్రాములు నడిచే పైభాగం చెడకుండా చూస్తామని లినక్సు కెర్నెలు పెద్దలు మాట ఇస్తారు గాని, కెర్నెలు లోపలి అమరికల విషయంలో అటువంటి హామీ ఇవ్వరు. మూలం బయటపెట్టని డ్రైవరును ప్రతి కూర్పుకూ తయారీదారుడే సరిదిద్దుకోవాలి. వేయి లాకులు కూడా అమ్ముడుపోని చోట ఆ శ్రమ ఎవరు పడతారు?

లారీ లోడు లెక్క

అసలు చిక్కు ఇక్కడ ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మా బంగినపల్లి మామిడి సంగతే చూడండి. వ్యాపారి లారీ పంపేది లోడు నిండుతుందంటేనే. పది ఊళ్లలో ఊరికి అయిదు చెట్లు ఉంటే, కాయ ఎంత తీపైనా లారీ రాదు.

స్టాట్‌కౌంటర్ సంస్థ లెక్కల్లో ప్రపంచంలోని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో లినక్సు వాటా 2024 ఫిబ్రవరిలో మొదటిసారి నూటికి నాలుగు దాటింది. ఆ నలుగురూ కూడా వేర్వేరు పంపిణీల్లో చెదిరి ఉన్నారు. సాఫ్ట్‌వేరు రావాలంటే వాడేవారు పెరగాలి, వాడేవారు పెరగాలంటే సాఫ్ట్‌వేరు రావాలి. విత్తు ముందా, చెట్టు ముందా అన్న చందం. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలలో 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి లెక్కలన్నీ కంప్యూటరులోనే. ఆ లెక్కలు వ్రాసే ట్యాలీ విండోసు కోసం తయారైనది. గుమాస్తాకు తెలిసింది ట్యాలీ, ఆడిటరు అడిగేది ట్యాలీ. ఇక ఆ యజమాని లినక్సుకు ఏ ధైర్యంతో మారతాడు?

లినక్సు వాడేవారికి ఉచితంగా దొరికే ప్రత్యామ్నాయాలే కంపెనీలకు గట్టి పోటీ అన్నది మరొక మాట. కెనడా దేశపు కోరెల్ కంపెనీ కథ ఇందుకు నిదర్శనం. 1998లో వర్డ్‌పర్ఫెక్ట్‌ను లినక్సుకు తెచ్చింది. 1999లో తన సొంత లినక్సు పంపిణీనే విడుదల చేసింది. 2000లో పూర్తి ఆఫీసు సాఫ్ట్‌వేరును తెచ్చింది. కాని అదే కాలంలో సన్ కంపెనీ స్టార్ఆఫీసును ఉచితంగా ఇచ్చి, తర్వాత దాని మూలాన్ని కూడా బయటపెట్టింది. ఉచితంగా దొరుకుతుంటే కొనేవారెవరు? 2001కల్లా కోరెల్ తన లినక్సు పంపిణీని మరొకరికి అమ్మేసి తప్పుకుంది.

మామ అడిగిన 'మనం దుడ్లియ్యమా' అన్న ప్రశ్నకు కూడా నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. ఆ గదిలో దుడ్లిచ్చి కొన్నది తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు ఒక్కటే. మిగతావన్నీ ఎవరో ఒకరి సీడీ నుంచి ఎక్కించుకున్నవి. మన చిన్న ఊళ్లలో విండోసు కూడా ఉచితమే అయినప్పుడు లినక్సు ఉచితమన్న మాటకు బరువుండదు. అంతకంటే నష్టమేమంటే, కొననివాడు కంపెనీ లెక్కల పుస్తకంలో కనపడడు. వేలాది డీటీపీ సెంటర్లున్నా అమ్మేవాడి కంటికి అక్కడ బయలే కనపడుతుంది.

మధ్యేమార్గంగా వైన్ అనే ఉపాయం ఉంది. 1993లో మొదలైన ఈ ప్రోగ్రాము, విండోసు ప్రోగ్రాము అడిగే సేవలను అప్పటికప్పుడు లినక్సు భాషలోకి మార్చి చెబుతుంది. దాని ఆధారంగా వాల్వ్ అనే ఆటల కంపెనీ 2018లో ప్రోటాన్‌ను తయారుచేసి, 2022లో స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని లినక్సుతోనే అమ్మింది. విండోసు కోసం వ్రాసిన ఆటలు వేల సంఖ్యలో దాని మీద నడుస్తున్నాయి. అయితే ఆటకు పనికొచ్చినంత సులువుగా అన్నిటికీ పనికిరాదు. రిజిస్ట్రేషనులు, లాకులు, కీబోర్డు మీద తెలుగు నొక్కులను పట్టుకొనే చిన్న ప్రోగ్రాములు – ఇవి దానికి చాలాసార్లు లొంగవు.

మరి హైదరాబాదులో ఎట్లా?

ఈ సంగతులన్నీ పోగుచేసుకొని, లినక్సుకు కొనుగోలు సాఫ్ట్‌వేరు రానే రాదని నేను తీర్మానించుకున్నాను. పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చిన ఒక అన్న ఆ తీర్మానాన్ని తలకిందులు చేసినాడు. ఆయన హైదరాబాదులో చిప్పుల నమూనాలు వేసే పనిలో ఉన్నాడు.

"లేదని ఎవరన్నారు తమ్ముడూ? మేము పొద్దున్నుంచి రాత్రి దాకా వాడేది అదే. ఒక్కో లైసెన్సు ధర వింటే నీకు కళ్లు తిరుగుతాయి" అన్నాడు.

నిజమే. కేడెన్స్, సినాప్సిస్ వంటి కంపెనీల చిప్పు పనిముట్లు ప్రధానంగా లినక్సు మీదనే నడుస్తాయి. సినిమాల్లో గ్రాఫిక్సు చేసే మాయా, హుడిని, న్యూక్ కూడా లినక్సుకు దొరుకుతాయి. ఇవన్నీ గుట్టు విప్పని, ధర చెల్లించి కొనవలసిన సాఫ్ట్‌వేర్లే. మరి వీటికి వంద సంతల బాధ ఎందుకు లేదు? ఎందుకంటే కొనేవారు ఒక మాట మీద నిలిచారు. చిప్పు కంపెనీలు రెడ్ హ్యాట్ వంటి ఒకటి రెండు పంపిణీల నిర్ణీత కూర్పులనే వాడతాయి. అమ్మేవారు వాటి మీదనే పరీక్షించి హామీ ఇస్తారు. సినిమా గ్రాఫిక్సువారు 2014 నుంచి, ఫలానా సంవత్సరానికి ఫలానా లైబ్రరీల ఫలానా కూర్పులు అని ఏటేటా ఒక ఉమ్మడి పట్టిక ప్రకటించుకుంటున్నారు. స్టూడియోలూ సాఫ్ట్‌వేరు కంపెనీలూ దానికి కట్టుబడి పనిచేస్తాయి.

దీన్నిబట్టి నాకు తేలిందేమనగా – అడ్డంకి లినక్సు చేతకానితనం కాదు, చట్టం కాదు, వాడేవాళ్ల పిసినారితనం కూడా కాదు. కొనేవారంతా ఒక గొంతుతో, ఒక ప్రమాణం పేరు చెప్పి అడిగిన చోటికి లారీ వచ్చింది. ఎవరికి వారే ఉన్న చోటికి రాలేదు.

మన అక్షరాలకు పడిన ముడి

మా గది విషయంలో ఇంకొక ముడి ఉంది. అది లినక్సుకు సంబంధించింది కాదు, తెలుగుకు సంబంధించింది.

కంప్యూటరు అక్షరాన్ని అంకెగా దాచుకుంటుంది. పాత తెలుగు ఫాంట్లలో దొరికే స్థానాలు 256. వాటిలో ఇంగ్లీషు అక్షరాలుండే స్థానాల్లో మన తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా సర్దారు. హైదరాబాదు నుంచి వచ్చిన 'అను' వంటి ఫాంట్లు ఆ ఇరుకులోనే ఎన్నో అందమైన అక్షరాలను తెలుగు అచ్చుకు అందించాయి. ఆ మేలు మరువరానిది. అయితే ఏ ఫాంటు సర్దుబాటు దానిదే. ఆ ఫాంటు లేని చోట లోపల దాచినది ఇంగ్లీషు అక్షరాలుగానే బయటపడుతుంది. ఆనాటి సాయంత్రం మామ తెర మీద నేను చూసింది దీన్నే.

1991లో మొదటి కూర్పు వెలువడిన యూనికోడులో తెలుగుకు 128 స్థానాల సొంత గడి ఉంది. అక్కడ ముక్కలు కాదు, అక్షరాలే ఉంటాయి. 'స్త్రీ' అని వ్రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు – ఆరు సంకేతాలు వరుసగా దాగుతాయి. వాటిని ఒక్క అక్షరంగా కలిపి గీసే పని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు, ఫాంటులోని నియమాలు చూసుకుంటాయి. ఇట్లా వ్రాసినది విండోసులోనైనా, లినక్సులోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే ఉంటుంది.

మరి మన డీటీపీ ఎందుకు మారలేదు? అందరూ అలవాటుపడిన పేజ్‌మేకర్ చివరి కూర్పు, 7.0, 2001లో వచ్చింది. 2004లో అడోబి దాని అభివృద్ధిని ఆపింది. అది యూనికోడు నేర్వకుండానే వృద్ధాప్యంలో పడింది. లినక్సు వైపు స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రాముకు తెలుగు వంటి లిపులను సరిగా కలిపే శక్తి 2017 నాటి ప్రయోగ కూర్పులో వచ్చింది. అది స్థిరమైన 1.6 కూర్పుగా చేతికందేసరికి 2024 జనవరి అయింది. ఈ మధ్యకాలమంతా వ్రాసిన పత్రికలూ పుస్తకాలూ పాత ముడిలోనే చిక్కుకున్నాయి.

ఏం చేయవచ్చు?

నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒకటి: ఎవరి యంత్రాన్నీ నాలాగా చెరపవద్దు. లినక్సును పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. ముందు ఆ మనిషి రోజూ వాడే ప్రోగ్రాముల పట్టిక వ్రాసుకొని, ఒక్కొక్కటీ పరీక్షించి, తర్వాత డిస్కు ముట్టుకోవాలి.

రెండు: ఈనాటి నుంచి వ్రాసే ప్రతి ముక్కా యూనికోడులో వ్రాయాలి. పోతన, లోహిత్, మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. సరుకు మన చేతిలో ఉంటే బండి ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మూడు: ఒక్కటిగా అడగాలి. కేరళలో ప్రభుత్వ పాఠశాలలన్నీ ఒకే లినక్సు పంపిణీ మీద నడిచి ఒక దారి చూపాయి. మన జిల్లా డీటీపీవాళ్ల సంఘాలు, కళాశాలలు కలిసి ఒక పంపిణీని ఎంచుకొని, "దీనికి చేసి ఇవ్వండి, ధర ఇస్తాము" అని అడిగితే వినే కంపెనీ ఉండకపోదు. ఇస్తామన్న ధర మాత్రం నిజంగా ఇవ్వాలి.

నాలుగు: మన వంతు పని మనం చేయాలి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ లినక్సును తెలుగులోకి తేవడానికి విద్యార్థుల సాయంతోనే పనిచేసింది. పాత ఫాంట్ల నుంచి యూనికోడుకు మార్చే ప్రోగ్రాములను వ్రాసినవారూ స్వచ్ఛందంగా వ్రాసినవారే. వాటిలో మిగిలిన తప్పులను పట్టుకోవడం మన ప్రాజెక్టులకు పనికిరాని పనేమీ కాదు.

మామ గదిలో ఇప్పుడు ఒక యంత్రం పాత విండోసుతోనే ఉంది. దానికి ఇంటర్నెట్టు తీసేశాము. రెండోదాని మీద లినక్సు, స్క్రైబస్. బిల్లుబుక్కులు, కరపత్రాలు అందులో చేస్తున్నాడు. పెళ్లిపత్రికలకు మాత్రం ఇంకా పాతదాని ముందే కూర్చుంటాడు. ఆ అక్షరాల సొగసు కొత్తవాటిలో రాలేదంటాడు, ఆ మాటలో నిజం ఉంది. నేను ఊరికి పోయినప్పుడల్లా రాత్రిపూట ఆయన పాత ఫైళ్లను యూనికోడులోకి మార్చి, తప్పిన ఒత్తులు సరిచేసి వస్తున్నాను. పోయిన నాలుగు వందల పత్రికల బాకీని నేను తీర్చుకొనే పద్ధతి అది.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఈ వార్షిక సంచిక పాత సంపుటాల్లో కూడా, డీటీపీ వచ్చిన నాటి నుంచి, ఇటువంటి ఫాంట్లలో కూర్చినవి ఉండి ఉంటాయి. మన సీనియర్ల కథలు, కవితలు, వ్యాసాలు ఏ సీడీలోనో ఆ ముడితోనే పడి ఉంటే, ఆ ముడి విప్పగలిగే యంత్రాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. వచ్చే ఏడాది సంచికకు రచనలను యూనికోడులో తీసుకోవాలనీ, పాత సంపుటాలను మార్చే పనికి ఒక చిన్న కమిటీ వేయాలనీ కోరుతున్నాను. ఆ కమిటీలో మొదటి పేరుగా నా పేరు వ్రాసుకోవచ్చు.